మూడు యాప్‌లూ ఒక చీనీ తోటా

నేను ఒక సెల్‌ఫోనుని. తెరకు ఒక మూల పగులుంది. వెనక మూత నాది కాదు, వేరే ఫోనుది. ఏదో నగరం అంచున, తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడపిల్లల చేతుల్లో పుట్టాను. వాళ్ళు నన్ను బిగించారు, తుడిచారు, పెట్టెలో పెట్టారు. మొదట అనంతపురంలో నర్సు చదువు చదివే అమ్మాయి దగ్గర ఉన్నాను. ఆమె కొత్తది కొనుక్కుని నన్ను రిపేరు కొట్టులో ఇచ్చేసింది. అక్కడి నుంచి నన్ను తెచ్చుకున్నవాడు పెన్నోబులేసు.

అతనికి నాతో మాట్లాడే పని లేదు. బోరు మోటారు కోసం కొన్నాడు. తోటలో స్టార్టరు పెట్టె ఉంది, అందులో ఒక సిమ్ము ఉంది. కరెంటు వచ్చాక నానుంచి దానికి ఫోన్ చేస్తే మోటారు తిరుగుతుంది. అవతల ఎవరూ హలో అనరు, నీళ్ళు వస్తాయి. మనుషులు మనుషులకు చేసిన ఫోన్లలో అంత పనికొచ్చే జవాబు నేనెప్పుడూ వినలేదు.

తోటలో ఉన్నవి చీనీ చెట్లు, అంటే బత్తాయి. అది మొదటి కాపు. పిందె గోలీకాయంత అయ్యేసరికి బోరులోంచి నీళ్ళకు బదులు గాలి వచ్చింది.

అంతకు ముందు ఆ నేలలో అతను చాలా బోర్లు వేయించాడు. బోరు వేసే ముందు నీళ్ళు చూసేవాళ్ళను పిలవడం అక్కడి అలవాటు. ఒకడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తాడు, కాయ లేచి నిలబడ్డ చోట నీళ్ళున్నాయంటాడు. ఇంకొకడు పంగల వేపపుల్ల పట్టుకుంటాడు. మూడోవాడు తాళంచెవుల గుత్తి వేలాడదీస్తాడు. ముగ్గురిలో ఇద్దరు ఒకే చోట ఆగితే అక్కడ బోరు దించుతారు. అట్లా దించినవాటిలో ఒక్కదాంట్లోనే నీళ్ళు పడ్డాయి. పెన్నోబులేసుకు ఆ ఒక్కటే గుర్తుంది.

ఇక చెట్లు బతకాలంటే వానలు పడేదాకా టాంకర్లతో నీళ్ళు తోలాలి. భార్య సుంకమ్మ తన గొర్రెల్ని అమ్మి, ఆ డబ్బు అతని ఖాతాలో వేయించింది. తోట ప్రాణం ఆ డబ్బులోనే ఉంది.

ఊళ్ళో టీ హోటలు నడిపే కుళ్ళాయప్ప అతనికి బావమరిది వరస. ఒకరోజు టీ గ్లాసు ముందు పెట్టి, "ఆ దుడ్లు వానలదాకా యాడ సాలుతాయి బావా? కొంచెం పెంచుకో," అన్నాడు.

"క్రికెట్టా?"

"క్రికెట్టు ఇప్పుడు యాడుండాది? టెన్నిసు. ఏదో ఒక దేశంలో ఎప్పుడూ ఆడతానే ఉంటారు. ఇద్దరే మనుషులు. ఒకడు గెలవల్ల, ఒకడు ఓడల్ల. మధ్యలో ఏం లేదప్పా."

కుళ్ళాయప్ప పంపిన లింకుల దారిన మూడు పందేల యాప్‌లు నాలో దిగాయి. పచ్చది అడుగు పెట్టగానే బోనస్సని ఊరించింది. నీలంది స్కోరు అందరికంటే ముందు చెప్పేది, గెలిచిన డబ్బు ఇవ్వడానికి మాత్రం ఏడిపించేది. నల్లది రేటు, అంటే గెలిస్తే రూపాయికి వచ్చేది, కాస్త ఎక్కువ ఇచ్చేది. సంతలో ఎద్దు పళ్ళు పట్టి చూసినంత శ్రద్ధగా పెన్నోబులేసు మూడింటినీ తిప్పి తిప్పి చూసేవాడు. ఆటగాళ్ళ పేర్లు నోరు తిరిగేవి కావు. ఒకణ్ణి పొడుగాయన అనేవాడు, ఒకణ్ణి తలగుడ్డాయన. రేటు తక్కువున్నవాడు గెలిచేవాడని కుళ్ళాయప్ప నేర్పాడు. మిగతా విద్య అతని సొంతం. మూడింట్లో రెండు ఎవణ్ణి చూపిస్తే వాడి మీద, ఎక్కువ రేటు ఇచ్చే యాప్‌లో పెట్టడం. కొబ్బరికాయా వేపపుల్లా ఒక్కచోట ఆగినట్టే అనుకున్నాడు. అవి మూడూ ఒకదాని పలక చూసి ఒకటి రాసుకునేవని నాకు తెలుసు. చెప్పే నోరు నాకు లేదు.

మొదట గెలిచాడు. ఒక టాంకరు వచ్చింది. పాదుల్లో నీళ్ళు ఇంకుతుంటే నన్ను చొక్కాకు తుడిచి కళ్ళకద్దుకున్నాడు. యంత్రానికి సిగ్గుంటే ఆ రోజు చచ్చిపోయేదాన్ని. తర్వాత ఓడాడు, కొంచెం గెలిచాడు, ఎక్కువ ఓడాడు. చివరికి ఒక మధ్యాహ్నం మిగిలిందంతా పొడుగాయన మీద, నల్లదాంట్లో పెట్టాడు.

సుంకమ్మ తోట నుంచి వచ్చింది. "టాంకరు ఎప్పుడొస్తాది మామా? ఆకు ముడుచుకుంటాంది."

"ఉండుమే, ఈ ఒక్క ఆట."

ఆమె వంగి నాలోకి చూసింది. ఎర్రమట్టి నేల. ఆట ఆగి, ఇద్దరు మనుషులు పైపుతో నేలంతా తడుపుతున్నారు.

"ఏం నాటినారు ఆడ?"

"ఏం నాటలే. ఆడుకునే నేల. దుమ్ము లేయకుండా."

ఆమె పైపులోంచి పడే నీళ్ళనే చూస్తూ నిలబడింది.

పొడుగాయన మొదటి సెట్టు గెలిచాడు. రెండో సెట్టులో మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. లేచి అవతలివాడికి చెయ్యి కలిపి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

కుళ్ళాయప్ప ఫోన్ చేశాడు. "నా దుడ్లు ఎనక్కొచ్చినాయి బావా! ఆట మధ్యలో ఇడిసిపెడితే పచ్చది ఎనక్కిస్తాదంట. నీది?"

పెన్నోబులేసు నల్లదాన్ని తెరిచాడు. ఒక సెట్టు అయ్యాక ఆటగాడు తప్పుకుంటే వాడి మీద పెట్టింది పోయినట్టేనని దాని నియమం. ఆ నియమం నా తెర మీదే ఉంది, అన్నిటికంటే అడుగున, చీమ తలంత ఇంగ్లీషు అక్షరాల్లో. అన్నీ పోల్చినవాడు అంత కిందికి ఎన్నడూ దిగలేదు.

సుంకమ్మ ఊరి కొళాయి నుంచి బిందెలతో కొన్ని చెట్లకు మోసింది. అవి మిగతావాటికంటే నాలుగు రోజులు ఎక్కువ పచ్చగా ఉన్నాయి. తర్వాత పిందె రాలింది, ఆకు రాలింది, కొమ్మలు చివర్ల నుంచి నల్లబడ్డాయి. బొగ్గులు కాల్చేవాళ్ళు రంపంతో వచ్చి, కోసిన కట్టెను ట్రాక్టరుకెత్తారు. ట్రాక్టరు పోయాక ఆమె అడిగింది.

"ఆ టెన్నిసు అనేది యాడుంటాది మామా?"

"శానా దూరం."

"మల్ల మన సెట్లకాడికి ఎట్లొచ్చె?"

అతను నన్ను చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు మేము బెంగుళూరులో ఉన్నాం. ఒక పెద్ద కట్టడం పక్కన రేకుల షెడ్డు. అతను అక్కడ వాచ్‌మన్, ఆమె కంకర మోస్తుంది. అతనిలో ఆశ చచ్చిందనుకున్నాను. చావలేదు. ఆటగాడు తప్పుకుంటే ఎవరు ఎంత వెనక్కిస్తారో నియమాలన్నీ తెలుగులో చూపించే నాలుగో యాప్ ఒకటుందని ఎవరో చెప్పారు. నిన్న మధ్యాహ్నం దాన్ని దించబోయాడు. నాలో చోటు చాలలేదు. ఏదైనా తీసెయ్యమన్నాను.

తోట పూతకొచ్చినప్పుడు సుంకమ్మ తీసిన ఫొటోలు నాలో చాలా ఉన్నాయి. ఫొటో తీయడం ఆమెకు రాదు, చాలావాటిలో ఆమె వేలు అడ్డం పడింది. అతను వాటిని ఒక్కొక్కటే జరిపాడు. ఒకదాన్ని పెద్దది చేసి, తెల్లపూల గుత్తిని బొటనవేలితో కాసేపు అటూ ఇటూ కదిపాడు. తర్వాత అన్నిటికీ టిక్కు పెట్టాడు.

తీసెయ్యమంటావా అని అడిగాను. నేను అడిగేది ఒక్కసారే. ఔనన్నాడు.

బయట తట్ట దించుకుంటూ సుంకమ్మ కేకేసింది. "ఏం జేస్తాండావు మామా, తినకుండా?"

"ఏం లేదుమే. సెల్లులో సోటు జేస్తాండా."