రెండో గొంతు

ఆ పాప్ గాయని అప్పటికి పదకొండు ఆల్బమ్‌లు చేసింది. అన్నింటిలోనూ ఆమె పాట వెనక కింది స్థాయిలో వినిపించే రెండో గొంతు వాళ్ళక్కది. పన్నెండోది మొదలుపెట్టేనాటికి అక్క పోయి ఏడు నెలలైంది.

ఎనిమిది పాటలు ఎలాగో పూర్తయ్యాయి. తొమ్మిదో పాట దగ్గర బండి ఆగిపోయింది. అది అక్కాచెల్లెళ్ళిద్దరూ గిన్నెలు తోముకుంటూ కట్టుకున్న పాట.

"అక్కగారి భాగానికి ఇంకెవరినైనా పిలుద్దామా అమ్మా?" అని రికార్డింగ్ ఇంజనీరు నసిగాడు.

"వద్దు. నేనే పాడతాను."

నలభై ఏళ్ళుగా పక్కనే విన్నది కదా, నల్లేరు మీద నడకే అనుకుంది. రెండో చరణంలోనే ఊపిరి చాల్లేదు. మళ్ళీ పాడింది, మళ్ళీ తప్పింది. తను హాయిగా ఊపిరి తీసుకునే ప్రతిచోటా అక్క ఆగకుండా పాడాలి.

"ఇంత కష్టమని ఒక్కసారైనా చెప్పలేదేం అక్కా," అంది మైకు ముందే. అద్దానికి అవతల ఇంజనీరు తలొంచుకున్నాడు.

పదిహేడోసారికి కుదిరింది.

"ఇక మీ భాగం పాడేద్దామా?" అన్నాడతను.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. "అక్కర్లేదు. నా గొంతు అందరూ విన్నదే. దీన్నిలాగే ఉండనీ."

ఆల్బమ్ విన్నవాళ్ళలో చాలామంది ఆ పాటలో ఏదో తక్కువైందన్నారు. అక్క కూతురు మాత్రం ఏడుస్తూ ఫోన్ చేసింది.

"అమ్మ ఏం పాడేదో ఇన్నాళ్ళకి వినపడింది పిన్నీ."

"నాకూ ఇప్పుడే వినపడింది తల్లీ," అంది పిన్ని.