ఇంటి మనిషి రాసిన కోడ్

"కామాలూ ఫుల్‌స్టాప్‌లూ సరిచూసి పెట్టు, అలాంటివి నీకు బాగా కుదురుతాయి" అని భర్త పేటెంట్ దరఖాస్తు కాగితాలు ఆమె ముందు పడేసి స్నానానికి వెళ్ళాడు. పొయ్యి మీద పాలు ఓ కంట చూసుకుంటూ ఆమె చదవసాగింది. పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప మూడో మనిషి సందేశాలు చదవలేకుండా చేసే ఎన్‌క్రిప్షన్ పద్ధతి. కనిపెట్టినవారు: ఆమె భర్త, ఆమె మరిది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఒకప్పుడు ఆమె అక్కకు ఫోన్‌లో రాసుకున్న గోడును భర్త భోజనాల దగ్గర గొంతు మార్చి, ఆగి ఆగి చదివి వినిపించాడు. అత్తగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "వదినలో ఇంత సాహిత్యం ఉందా" అన్నాడు మరిది. ఆమె వడ్డిస్తూనే ఉంది. ఆమె చదువు, పెళ్ళయ్యాక కూడా కొన్నాళ్ళు చేసిన ఉద్యోగం, అన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే. రెండో బిడ్డ పుట్టాక మాన్పించారు. ఆ భోజనాల మర్నాటి నుంచి, పిల్లలు బడిలో ఉన్న వేళల్లో, మడతపెట్టాల్సిన బట్టలు పక్కకు నెట్టి కోడ్ రాయడం మొదలుపెట్టింది. తన మాటలకు తానే వేసుకున్న తాళం అది. పూర్తయ్యాక అక్కాచెల్లెళ్ళు మళ్ళీ మనసు విప్పి మాట్లాడుకున్నారు.

మళ్ళీ ఆమె సందేశాలు చదవబోయి ఆ తాళం తీయలేకపోయిన రోజు భర్తకు కోపం రాలేదు, ఆశ పుట్టింది. కోడంతా అన్నదమ్ముల కంపెనీకి కాపీ చేసుకున్నాడు. తనకక్కడ ఉద్యోగమివ్వమని ఆమె అడిగితే, "ఇంటి మనిషికి ఉద్యోగమేంటమ్మా, నలుగురూ నవ్విపోతారు" అన్నారు అత్తగారు. కోడ్‌లో తప్పులు దిద్దే పని మాత్రం ఆమెకే వచ్చేది.

భర్త తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇందులో నా పేరు లేదేం?"

"నీ పేరెందుకు? నువ్వేమైనా బయటిదానివా?"

సాయంత్రం పేటెంట్ పని చూసే లాయరమ్మ వచ్చింది. వంటింట్లోంచి ఆమె టీ తెచ్చి అందిస్తుంటే అన్నదమ్ములు తల ఎత్తలేదు, మాటా ఆపలేదు.

"రేపు సంతకాలవగానే దాఖలు చేస్తాను" అంది లాయరమ్మ. "అప్పటిదాకా ఎవరికీ చూపించకండి. ముందే లోకానికి తెలిసిపోతే అది కొత్తది కాదు. పేటెంట్ రాదు."

"మా ఇల్లు దాటి పోదు లెండి" అన్నాడు భర్త.

మర్నాడు అందర్నీ సాగనంపి ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఇంటి అప్పులు, పిల్లల చదువులు, అన్నీ గుర్తొచ్చాయి. భర్త గొంతు మార్చి చదివిన తన వాక్యాలూ గుర్తొచ్చాయి. సోర్స్ కోడ్ మొత్తం, ఆ పద్ధతి వివరణతో సహా, ఎవరైనా ఉచితంగా తీసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేసింది. చాన్నాళ్ళ తర్వాత కడుపునిండా అన్నం తింది.

సాయంత్రం సంతకాలకు ముందు లాయరమ్మ మళ్ళీ అడిగింది. "ఇది ఇంతవరకు ఎక్కడా బయటికి రాలేదుగా?"

"లేదు" అన్నాడు భర్త.

"పొద్దున వచ్చిందండి" అంది ఆమె, గుమ్మంలోంచి లోపలికి వస్తూ. "నేనే పెట్టాను."

మరిది ఫోన్ తీసి గబగబా వెతికాడు. దొరికిన పేజీని అన్న ముందు పెట్టాడు. లాయరమ్మ ఆమెవైపు తిరిగింది.

"రాసింది మీరా? కంపెనీలో మీ హోదా ఏమిటి?"

"ఏ హోదా లేదండి. ఇంటి మనిషిని."

"జీతం? కాంట్రాక్ట్?"

"ఏదీ ఇవ్వలేదు."

లాయరమ్మ కలం మూత పెట్టేసింది. "అయితే ఆ కోడ్ ఈవిడ సొంతం. పంచిపెట్టుకునే హక్కూ ఈవిడదే. ఈ దరఖాస్తు నేను వేయలేను."

భర్త ముఖం పాలిపోయింది. ఆమె కళ్ళు తిప్పుకోలేదు, తీరిగ్గా చూసింది. జాలి వస్తుందేమోనని కాసేపు ఆగింది కూడా. రాలేదు.

"ఇప్పుడే తీసెయ్" అన్నాడు అతను.

"తీసినా లాభం లేదు, అప్పుడే ఎంతమందో దించుకున్నారు." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ కంపెనీ కూడా వాడుకోవచ్చండీ, ఉచితమే. షరతు ఒక్కటే. వాడిన ప్రతిచోటా రాసినవారిగా నా పేరు వేయాలి."