సంధి కుదరలేదు

ఎర్ర పెన్ను మూత పళ్ళతో లాగి, అలవాటుగా కాగితం కోసం చెయ్యి చాపింది సవరణమ్మ. బల్ల మీద కాగితం లేదు. కంప్యూటర్ ఉంది.

ఆ ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దడం ఆమె పని. అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. ఎడమ భుజం కాస్త కిందికి వాలిన మనిషి. చూపుడువేలి గోటి చుట్టూ ఎర్ర సిరా ఇంకిపోయింది. భర్త పోయినప్పుడు వేసిన సంస్మరణ కార్డులోనూ తప్పు పట్టుకుంది, దిద్దాకే ఏడ్చింది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ సిరాతోనే.

"సాయంత్రానికల్లా ఈ పైథాన్ అనే కంప్యూటర్ భాషలో పేర్లు కలపడం వస్తే ఉద్యోగంలో ఉంటారమ్మా. రాకపోతే మామయ్యగారికి నేను చెప్పలేను," అన్నాడు యజమాని అల్లుడు. కవర్ల మీద అతికించే పేర్ల చీటీలు ఇకపై ప్రోగ్రామే తయారుచేయాలట.

ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది. కొటేషన్ గుర్తుల మధ్య 'సవరణ'. ప్లస్ గుర్తు. మళ్ళీ కొటేషన్లలో 'అమ్మ'. తెర మీద పడింది: సవరణఅమ్మ.

తప్పు తనదేననుకుని చెరిపి మళ్ళీ కొట్టింది. మధ్యాహ్నం దాకా అదే వరస.

"అల్లుడు బాబూ, సంధి కలవడం లేదు."

"దానికి సంధీ గిందీ తెలీదమ్మా. పక్కన పెట్టమంటే పెడుతుంది, అంతే."

"అలిగిన వియ్యాలవారిని కూర్చోబెట్టినట్టా?"

అతను పకపకా నవ్వాడు. "అర్థమవుతోందిగా, చాల్లెండి. ఎవడు చూస్తాడు?"

ఆమె చూస్తుంది. బస్సు టికెట్టు మీద తప్పునైనా దిద్దకుండా పారేసి ఎరగదు. అన్నం డబ్బా మూత తియ్యలేదు. పొద్దువాలే వేళకి రెండో మాటలో 'అ' చెరిపేసి, 'మ్మ' ఒక్కటే ఉంచింది. సవరణమ్మ! అమ్మ తల తీస్తే గానీ కలవలేదు.

అల్లుడు వంగి చూశాడు. "భలే! అన్ని పేర్లకీ ఇలాగే రాసేసుకుంటే ఇక దిద్దే పనే..."

నాలుక కరుచుకున్నాడు. ఆమెకి అప్పటికే అర్థమైంది.

"రేపట్నుంచి రావద్దా బాబూ?"

అతను సొరుగులోంచి ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టి, కిటికీలోంచి బయటికి చూశాడు. "వీడ్కోలు కానుకగా మామయ్యగారు పొద్దున్నే తెప్పించారమ్మా. మీకే."

పొద్దున్నే. ఆమె కొట్టిన మొదటి వరసతోనే దానికి చీటీ కూడా అచ్చయిపోయింది.

సవరణమ్మ అన్నం డబ్బా సంచిలో పెట్టుకుంది. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయింది.

ఫ్లాస్కు బల్ల మీదే ఉంది. చీటీ మీద 'సవరణఅమ్మకు ప్రేమతో'. దాని పక్కనే ఎర్ర పెన్ను, మూత బిగించి.