ముప్పై ఎనిమిది వేలిముద్రలు

గదినిండా యూరియా మూటలు. వాటి మీద ఎలుకల పెంటికలు. బయట గోడ మీద మాత్రం ‘వయోజన విద్యా కేంద్రం’ అని గుమ్మడికాయలంత అక్షరాలు. కోసిగి పక్కన ఆ పల్లెలో ఈ కేంద్రం తలుపు ఏడాదికి రెండుసార్లే తెరుస్తారు. అదీ ఆఫీసరు వచ్చినప్పుడు.

ఆ రోజూ వచ్చాడు. కూలికి పోతున్న ఆడవాళ్ళను దారిలోనే ఆపి, మూటల ముందు చాప పరిచి కూర్చోబెట్టాడు శ్రీనివాసులు. ఊళ్ళో సగం భూమి అతనిది. కేంద్రం నడిపే కాంట్రాక్టూ అతనిదే. ‘నేను చదువుకున్నాను’ అని ముందే రాసిపెట్టిన పలకలు తలా ఒకటి చేతికిచ్చాడు. టెంపోలోంచి రెండు కుట్టుమిషన్లు దిగాయి. ముసలి గిడ్డమ్మ పలకను తలకిందులుగా పట్టుకుంది.

“ఎట్ల పట్టుకుంటే ఏమిలే మే! గొర్రెకు పలకిస్తే ఏం తెలుస్తాది?” అని పకపకా నవ్వాడు శ్రీనివాసులు. ఆఫీసరూ నవ్వాడు. ఫొటో అయ్యాక పలకలు గుంజుకున్నారు. మిషన్లు కల్లూరులో శ్రీనివాసులు బామ్మర్ది షాపుకు తిరిగి వెళ్ళిపోయాయి.

ఆ ఆడవాళ్ళలోంచి సుంకులమ్మ లేచింది. గడప దాటి థూ అని ఉమ్మేసింది.

ఆమె మంట ఈనాటిది కాదు. పోయినేడు సుగ్గికని, వలసకూలికి గుంటూరు మిరపకోతలకు పోయినప్పుడు, మేస్త్రీ చూపిన కాగితం మీద వేలేసింది. ఇంకో నెల ఉంటానని ఒప్పుకున్నట్టు అందులో రాసుందట. ఆ నెలలోనే ఊళ్ళో తల్లి పోయింది. వేలేశావుగా అని మేస్త్రీ కదలనివ్వలేదు. కన్నతల్లికి పిడికెడు మట్టి వేసే రాత కూడా లేకపోయింది. ఇంక జన్మలో వేలెయ్యనని ఒట్టు పెట్టుకుంది. పేటలో డిగ్రీ చదివిన పిల్ల మహిమ ఉంది. ఆ ఫొటో అయినప్పటి నుంచి మూడు నెలలు, కూలి నుంచి రాగానే ఆమె వసారాలో కూర్చుని పేరు దిద్దింది సుంకులమ్మ. ఆమెతో పాటు, గిడ్డమ్మను కలుపుకుని, ఇంకో ముప్పై ఏడుమంది.

అంతలో కేంద్రంలో పరీక్ష పెడతారన్నారు. మహిమ అందరినీ పిలిచింది.

“అందరూ పాసయితే ఊరంతా చదువుకున్నట్టేనంట. కేంద్రం మూసి, గది శ్రీనివాసులుకే ఇస్తారంట.”

“పాసయితే మంచిదే గదమ్మే?” అంది గిడ్డమ్మ.

“పేరు రాసేదొస్తే చదువొచ్చినట్టా అవ్వా? పురుగుమందు డబ్బా మీద ఏముండాదో చదువుతావా? బస్సు బోర్డు చదువుతావా?”

“అయితే పోకుండా ఉంటే సరి.”

“మనం పోకుంటే వేరేవాళ్ళను కూచోబెడతాడు. పరీక్ష కాగితాలు ఆయప్ప ముందే రాయించినాడు. కింద మన పేరు ఒక్కటే తక్కువ. పేరు రాయొద్దు. అందరం వేలేద్దాం. వేలేసినోళ్ళకు చదువొచ్చిందని ఎట్ల రాసుకుంటారు?”

సుంకులమ్మ గయ్యిమంది. “మా అమ్మ మొగం చూడనీకుండా చేసింది ఈ వేలే! సచ్చినా ఎయ్యను. పేరు రాయల్లని మూడు నెలలు ఏడ్చినా గదమ్మే!”

గిడ్డమ్మ అంది, “అప్పుడు తెలీక ఏసినావు సుంకులూ. ఇప్పుడు తెలిసి ఎయ్యి.”

సుంకులమ్మ లేచి వెళ్ళిపోయింది.

పరీక్ష రోజు ముత్యాల్లాంటి రాతతో నింపిన కాగితాలు బల్ల మీద పెట్టారు. పక్కనే ఇంకు ప్యాడు. చూడండి ఈ సిగ్గుమాలినతనం! అందరికీ చదువొచ్చిందని సర్టిఫికెట్లు, హాజరుకేమో వేలిముద్రలు. ఏళ్ళ అలవాటు కదా, ఆ ప్యాడు తీసెయ్యాలని కూడా శ్రీనివాసులుకు తోచలేదు.

మొదట సుంకులమ్మను పిలిచి పెన్నిచ్చారు. ఆఫీసరు కళ్ళెదుట పేరు రాయాలని ఎంత ఆశపడింది! పెన్ను కింద పెట్టి, ఇంకులో బొటనవేలు అదిమి కాగితం మీద గట్టిగా వేసింది.

“నీకు పేరు రాసేదొచ్చు గదమే!” అని అరిచాడు శ్రీనివాసులు.

“వచ్చప్పా. నువ్వు నేర్పలేదు.”

వెనకే ముప్పై ఏడు వేళ్ళు.

“ఏం సార్, ఇంత బాగా రాసినోళ్ళకు పేరు రాసేది రాకుండా పోతాదా?” అంది గిడ్డమ్మ. ఆఫీసరు పెన్నుకు మూత పెట్టి కాగితాలు పక్కకు నెట్టాడు.

“ముందు ఈ మూటలు తీపించండి సార్. ఈడ మేం చదువుకోవల్ల,” అంది సుంకులమ్మ.

“ఎవరు తీస్తారో చూస్తా!” అన్నాడు శ్రీనివాసులు.

“మోసేది మాకు కొత్తేమప్పా?”

ఇద్దరిద్దరు కలిసి మూట పట్టారు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి మూటలన్నీ రోడ్డు మీదున్నాయి. గదిలో చాప పరిచారు. ఆ చాప మీద నుంచే, శ్రీనివాసులు పిలిపించిన పోలీసులు వాళ్ళను జీపులో రెండుమూడు విడతలుగా తీసుకుపోయారు.

స్టేషన్లో కేసులు రాసే రైటరు కాగితం ముందుకు తోశాడు. “వేలెయ్యి.”

“ఏముందో చదువు మహిమా,” అని సుంకులమ్మ ఆ కాగితం వెంట వచ్చిన మహిమకిచ్చింది.

“మూటలు దొంగిలించినామని ఉండాది.”

“దొంగిలిస్తే రోడ్డు మీద ఎందుకుంటాయి సామీ, మా ఇండ్లల్లో ఉంటాయి. మా బడి మేం ఖాళీ చేసుకున్నామని రాయి. లోపలేస్తే ఏసుకో. అబద్ధం మీద మాత్రం వేలెయ్యం,” అంది సుంకులమ్మ.

ఆడవాళ్ళంతా నేల మీద చతికిలబడ్డారు. అరిచినా కదల్లేదు. సాయంత్రానికి రైటరు తిట్టుకుంటూ కొత్త కాగితం తీశాడు. మహిమ దాన్ని రెండుసార్లు పైకి చదివి, మనం చెప్పినట్టే ఉండాదంది. అప్పుడు సుంకులమ్మ పెన్ను అడిగి తీసుకుంది. వంకరటింకరగా, కాగితం చిరుగుతుందేమో అన్నంత ఒత్తి తన పేరు రాసింది. కళ్ళు తుడుచుకుని ఇంకోసారి చూసుకుంది.

వెనకనుంచి గిడ్డమ్మ మోచేత్తో పొడిచింది.

“బిరీన జరుగు మే, నేను రాయల్ల. రేపు మన కుట్టుమిషన్ల కోసం కల్లూరు షాపుకు పోవల్ల గదా.”