అంకె పెరిగింది

సదయ్య గని టోపీకి పెట్టుకునే క్యాప్ ల్యాంపును ఛార్జింగు చూసే మీటరుకు తాకించి ముల్లు వంక చూశాడు. నాలుగు దాటింది. "పో," అంటూ ల్యాంపును కిటికీ అవతలికి నెట్టాడు. అవతలి చెయ్యి ఇత్తడి బిళ్ల ఇచ్చి ల్యాంపు పట్టుకుపోయింది. ఆ బిళ్లను అదే నంబరు కొక్కేనికి తగిలించాడు. మొదటి షిఫ్టులో సగం మందైనా ఇంకా గనిలోకి దిగలేదు. ఆయన మాత్రం అప్పటికే కుర్చీలోంచి మూడుసార్లు లేచాడు, మూడుసార్లు కూర్చున్నాడు.

కూర్చుంటే ఆయాసం, లేస్తే కాళ్లు బరువు. బూట్ల లేసులు కట్టడం మానేసి నెలైంది. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉండిపోతోంది. పదిహేడేళ్లు లోపల బొగ్గు కొట్టిన మనిషి. గుండె నీరసించిందని పైకి తెచ్చి, గోదావరిఖనిలోనే ఈ ల్యాంప్ రూములో కూర్చోబెట్టి పదేళ్లయింది. ఈ పదేళ్లలో ఒక్క ల్యాంపు లెక్క తప్పలేదు. అందుకని ఎవరూ మెడలో దండ వేయలేదు, ఆయనా ఎదురుచూడలేదు.

చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఉంది. తీసి మళ్లీ చూసుకున్నాడు. మూడు నెలల కింద 1850. ఇప్పుడు 6400.

"ఈ గోళీలు వాడి మళ్లీ రక్తం ఇయ్యి. నీ గుండె ముందు ముందు ఎట్ల ఉంటదో ఆ నంబర్ చెప్తది," అన్నాడు డాక్టరు అప్పట్లో. నంబరు ఎటు పోవాలో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు. హైదరాబాదు పంపిన రక్తం తాలూకు రిపోర్టును నిన్న సాయంత్రం దవాఖానలో సంధ్యారాణి చేతికిచ్చింది. రక్తం తీసే పిల్ల ఆమే.

"పెరిగింది కాక," అంది తల ఎత్తకుండా. "రేపు పొద్దుగాల్నే డాక్టర్ సార్‌ను కలువు. డ్యూటీకి పోకు."

"పెరిగిందా బిడ్డా!" అని ఆయన నవ్వాడు. పాపం, పెద్దాయన బాధ దిగమింగుకుంటున్నాడనుకుంది ఆ పిల్ల. ఆయన కళ్ల ముందు మాత్రం ముల్లు నాలుగు దాటి ఇంకా పైకి పోతోంది. ముల్లు ఎంత లేస్తే వెలుతురు అంత. పదేళ్లుగా ఆయన చదివిన చదువు అదొక్కటే.

ఇంట్లో భార్య సారవ్వతో ఒప్పందం ఉంది. నంబరు బాగుంటే డ్యూటీ, బాగా లేకపోతే అన్‌ఫిట్ రాయించుకుని ఇంటిపట్టున ఉండటం. ఇంటిపట్టున ఉండటమంటే ఏమిటో మొన్నటి సకల జనుల సమ్మెలో ఆయనకు తెలిసొచ్చింది. తెలంగాణ రావాలని అందరికంటే ముందు జెండా పట్టిన మనిషే, నెల దాటేసరికి కాలు కాలిన పిల్లిలా క్వార్టర్ చుట్టూ తిరిగాడు. అందుకే రాత్రి గడప తొక్కుతూనే, "మూడింతలు పెరిగిందే!" అన్నాడు. డ్యూటీకి పోవద్దన్న మాట మింగేశాడు.

సారవ్వ ఆయన కాళ్ల వైపు చూసింది. "గంత పెరిగితె మరి వాపు ఎందుకు తగ్గలె?"

"తగ్గుతది తియ్. ఆదివారం డాక్టర్‌కు చూపిస్త. ఫికర్ చెయ్యకు."

ఆ ప్రశ్న రాత్రంతా ఆయన్ని కుట్టింది. తెల్లారేదాకా గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. పొద్దున ఒంట్లో నీరు తీసే గోళీ కూడా వేసుకోలేదు. అది వేసుకుంటే గంటకోసారి బయటికి పోవాలి, కిటికీ వదలడం ఆయనకు నచ్చదు.

మూడింటికి మొదటి షిఫ్టు పైకొచ్చింది. ల్యాంపు లోపలికి, బిళ్ల బయటికి. గనిలో గ్యాస్ చూసే సర్దార్ ఎల్లన్న వరసకు బావమరిది. ల్యాంపు ఇచ్చి నిలబడితే సదయ్య కాగితం చూపించాడు, కొంచెం గర్వంగానే.

ఎల్లన్న రెండుసార్లు చదివాడు. "బావా, నూట ఇరవై అయిదు లోపల ఉండాలె అని గీడ రాసున్నది గదా."

"గది దాటాలె గదరా. మన ముల్లు నాలుగు దాటినట్టు."

"ఇది ల్యాంప్ కాదు బావా. గ్యాస్ అనుకో. గ్యాస్ నంబర్ పెరిగితె మనం ఏం చేస్తం?"

ఏం చేస్తారో ఈ ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. పని వదిలేసి బయటికి ఉరుకుతారు. సదయ్య కాగితం వెనక్కి తీసుకుని ఆ నూట ఇరవై అయిదు మీద వేలు పెట్టి చూశాడు.

"నడువు, బండి మీద దవాఖానకు పోదాం. జల్ది."

"ఒక్క ల్యాంప్ రావాలె. మూడు వందల పదిహేడు. పంపు కాడి జైపాల్."

"రెండో షిఫ్టాయన తీసుకుంటడు!"

"నేనిచ్చిన ల్యాంప్ నేనే తీసుకోవాలె. నువ్వు బండి తే."

ఎల్లన్న విసుక్కుంటూ బండి కోసం పరుగెత్తాడు. సదయ్య కిటికీకీ కొక్కేలకూ మధ్య తిరగసాగాడు. నాలుగు అడుగులు, మళ్లీ నాలుగు అడుగులు. భయమేసింది. చావంటే భయం, సారవ్వకు చెప్పిన అబద్ధమంటే అంతకంటే భయం. దవాఖాన నుంచి నేరుగా ఇంటికి పోయి చెప్పేయాలి. అన్‌ఫిట్ రాయించుకుంటనే, నువ్వు గెలిచినవ్, అనాలి. ఆ మాట లోపల్లోపల అనుకుని చూశాడు. అనుకున్నంత కష్టంగా లేదు.

జైపాల్ వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. "మోటర్ ఆగింది కాక. అందుకే లేటయింది," అంటూ ల్యాంపు నెట్టాడు. సదయ్య దాన్ని తగిలించి, బిళ్ల తీసి కిటికీ చెక్క మీద పెట్టాడు. కానీ దాని మీది చెయ్యి తీయలేదు. అలాగే మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"కాక, నా బిళ్ల," అన్నాడు జైపాల్. కాసేపాగి మళ్లీ, "కాక," అన్నాడు.

బయట ఎల్లన్న బండి హారన్ కొడుతూనే ఉన్నాడు.

గనిలో దెబ్బ తగిలిన వాళ్ల కోసం ఉంచిన స్ట్రెచర్ మీదే ఆయన్ని తీసుకుపోయారు. దవాఖానలో చెయ్యి పట్టి చూసినవాళ్లకు చేయడానికేమీ మిగల్లేదు. చీకటి పడేదాకా జైపాల్ ల్యాంప్ రూము ముందే కూర్చున్నాడు. తీసుకోరా అని ఎంతమంది చెప్పినా కిటికీలో చెయ్యి పెట్టలేదు. బిళ్ల తిరిగి తీసుకోకపోతే మనిషి ఇంకా గనిలోనే ఉన్నట్టు లెక్క. మూడు వందల పదిహేడో నంబరు బిళ్ల చెక్క మీద అలాగే ఉంది.