గొంతులోని ‘ర’

హెర్రింగు చేపను వీపు మీదుగా చీల్చి, పేగులు తీసి, ఉప్పునీళ్ల తొట్టిలోకి విసిరింది హారియెట్. కత్తి గాట్లు పడకుండా వేళ్లకు చుట్టుకున్న గుడ్డపీలికలు తడిసి ముద్దయ్యాయి. పక్కన నిలబడి చీలుస్తున్న డోరా మోచేత్తో పొడిచింది.

“మీ ఇంట్లో ఎవడో పట్నం మనిషి దూరాడే. చేతిలో పెద్ద పెట్టె.”

“అమ్మడానికొచ్చాడా?”

“కాదట. నీ మొగుడి మాటలు పట్టుకుపోతాడట.”

హారియెట్ కత్తి కింద పెట్టింది. ఊరికే ఎవరైనా మాటలు పట్టుకుపోతారా? ఇందులో ఏదో మతలబుంది.

ఇంగ్లండు ఉత్తర కొసన, ఈ నార్తంబర్లాండ్ తీరపు జాలరులు ‘ర’ను నాలుకతో పలకరు, నీళ్లు పుక్కిలించినట్టు గొంతులోంచి పలుకుతారు. దక్షిణాదివాళ్లయితే మాట చివరి ‘ర’ను ఎప్పుడో మింగేశారు. హారియెట్ చిన్నతనంలో లండన్‌లో పనికి కుదిరితే, దొరసాని ఆమెను భోజనాల బల్ల దగ్గర నిలబెట్టి ‘రోస్ట్’ అనిపించేది. అతిథులు పగలబడి నవ్వేవారు. ఆ అవమానం ఇంకా పచ్చిగానే ఉంది. మనవలు బడికెళ్లి ఆ ‘ర’ను వదిలేస్తే, పీడా పోయిందనే అనుకుంది.

ఇంటికెళ్లేసరికి, ఊపిరితిత్తులు పాడై మంచానపడ్డ భర్త రాల్ఫ్ దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. తల కూడా దువ్వుకున్నాడు. టేపురికార్డరు సర్దుతున్న కుర్రాడు లేచి నిలబడ్డాడు.

“నా పేరు హోల్‌రాయిడ్ అమ్మా, యూనివర్సిటీ నుంచి వచ్చాను. ఈ ‘ర’ ఇంక ఎంతో కాలం వినబడదు. ఇంత చక్కగా పలికేవాళ్లు నాకెక్కడా దొరకలేదు.”

ఆ మర్యాద చూసి ఆమెకు అనుమానం ఇంకా పెరిగింది.

“పట్టుకెళ్లి ఎవరికి వినిపిస్తావయ్యా? భోంచేసి నవ్వుకునే దొరలకా?”

“చెప్పనియ్యవే. పడవల సంగతులేగా,” అన్నాడు రాల్ఫ్ దగ్గుతూ. “ఇంక నన్నెవరడుగుతారు?”

“నువ్వూరుకో! కోతిని ఆడించినట్టు ఆడిస్తాడు నిన్ను.”

ప్లగ్గు పీకేసి, పెట్టెను గుమ్మం బయట పెట్టింది. కుర్రాడు క్షమించమంటూ వెళ్లిపోయాడు. రాల్ఫ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలిగాడులే, సాయంత్రానికి తగ్గుతుందని ఆమె మళ్లీ పనికెళ్లింది.

సాయంత్రం అతనికిష్టమైన పొగబెట్టిన చేప తెచ్చి, “రాల్ఫ్” అని పిలిచింది. పలకలేదు. భుజం పట్టుకుని తిప్పితే ఒళ్లు చల్లగా తగిలింది.

తన పేరులోని ‘ర’ను గొంతులోంచి పలికి పిలిచే మనిషి ఇక లేడు. ఆ గొంతును తనే దక్కనివ్వలేదు. హారియెట్ మంచం పక్కన కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది.

దుప్పటి మడతలో, హడావిడిలో కుర్రాడు మరిచిపోయిన టేపు చుట్ట ఉంది, ఒక్క మాటైనా ఎక్కకుండా.