లైట్లు బంద్

యమున చదువుకునే రోజుల్లో, కాలేజీ మిద్దె మీద టెలిస్కోపు మూత తీసేముందు ఖగోళశాస్త్రం సారు పిట్టగోడ మీంచి వంగి, "లైట్లు బంద్!" అని కేకేసేవాడు. కింద క్యాంటీన్ నీలమ్మ గొణుక్కుంటూనే ఆర్పేది.

ఇప్పుడు అక్కడే యమున పాఠాలు చెబుతోంది. చుట్టూ మన్నెగూడ ఊరి దాకా వెలుగులే, ఆకాశంలో చుక్క కనబడదు. చుక్కల్ని కంప్యూటర్లో చూపించే చదువు, ఏం చదువో! పాత టెలిస్కోపును రేపు పీకేస్తారట.

ఆ సాయంత్రం పిల్లల్ని మిద్దెక్కించి, మూత తీయబోతూ అలవాటుగా అరిచింది. "లైట్లు బంద్!"

పిల్లలు పకపకా నవ్వారు. "మేడం, గిన్ని లైట్లు ఎవరు బంద్ జేస్తరు?"

కింద ఒక్కటి ఆరింది.

"జల్దీ చూడు బిడ్డా," నీలమ్మ గొంతు వినిపించింది, "చీకట్ల చాయ్ పొంగుతున్నది!"